చనిపోయినావిడ తరఫున

మా వీధి ఆడవాళ్ళం నెలకోసారి ఓ పుస్తకం చదివి, ఎవరో ఒకరింట్లో చేరి మాట్లాడుకుంటాం. ఈసారి డాఫ్నే డ్యూ మారియర్ నవల 'రెబెక్కా'. 1938లో వచ్చింది. రెండో భార్యగా పెద్ద బంగళాలో అడుగుపెట్టిన అమ్మాయి కథ. ఇంటినిండా చనిపోయిన మొదటావిడ పేరే. కథ చెప్పే ఈ పిల్లకి మాత్రం చివరిదాకా పేరుండదు!

సైనికాధికారి అయిన భర్తతో అలెగ్జాండ్రియాలో ఉంటూ ఈ నవల మొదలుపెట్టింది రచయిత్రి. ఆయనకి అంతకుముందు మరో అమ్మాయితో నిశ్చితార్థమై తప్పిపోయింది. ఆవిణ్ణి తలుచుకుని ఈవిడ అసూయ పడేదట. ఆ అసూయని గిన్నెల మీద చూపించకుండా నవల్లో పెట్టింది, తెలివైంది!

నవల్లో భర్త మొదటి భార్యని తుపాకితో కాల్చి చంపుతాడు. 1940లో హిచ్‌కాక్ సినిమా తీసినప్పుడు, హంతకుడు శిక్ష తప్పించుకోవడం హాలీవుడ్ నియమాలకి కుదరదని, ఆవిడ పడి తలకి దెబ్బ తగిలి పోయినట్టు మార్చారు. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కారు దానికే. మన వహీదా రెహమాన్ నటించిన 'కోహ్రా'కీ (1964) ఈ కథే ఆధారం.

"సెన్సారువాళ్ళకున్న పట్టింపు మనకి లేకపోయిందేమండీ?" అంది ఒకావిడ. నిజమే, అతను పట్టుబడకూడదనే కదా అందరం ఊపిరి బిగబట్టి చదివాం!

"రెబెక్కా చెడ్డదని చెప్పింది ఎవరు? చంపినవాడు!"

"ఇంకొకరిద్దరు కూడా అన్నారుగా" అని అడ్డుపడ్డాను, నవలలు రాసేదాన్నాయె.

"అయితే చంపెయ్యొచ్చా వదినా?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడా రెండో సంబంధంగానే ఆ ఇంటికొచ్చింది. వాళ్ళ హాల్లో మొదటావిడ ఫోటో ఉంది.

"రోజూ దండ మారుస్తాను. ఆవిడ గురించి మావారు చెప్పిందే తప్ప నాకింకేం తెలీదు" అంది మెల్లిగా.