మూడో అంతస్తులో రేడియోకి ఎర్త్ ఎక్కడ?

గ్రైండర్ ముట్టుకుంటే చురుక్కుమందంటే "ఎర్తింగ్ చూపించండి" అంటాం మనం. మరి అపార్ట్‌మెంట్లో పిల్లలో, మావారో హామ్ రేడియో పెడతామంటే మూడో అంతస్తుకి భూమిని ఎక్కణ్ణుంచి తేవాలి? జవాబు రేడియో పుట్టిన రోజుల్లోనే ఉంది.

ఇటలీలో బొలోన్యా దగ్గర, 1894లో, ఇరవై ఏళ్ల మార్కోని ఇంటి పైకప్పు కింది గదిలో ప్రయోగాలు చేసేవాడు. ఒక రాత్రి వాళ్లమ్మ ఆనీ జేమ్సన్‌ని నిద్రలేపి చూపించాడట. మీట నొక్కితే, మధ్యలో తీగ లేకుండానే గదిలో అవతలివైపు గంట మోగింది! 1895లో ఆరుబయట ఒక తీగని ఎత్తున కట్టి, ఇంకోదాన్ని నేలలో పాతిన లోహపు రేకుకి కలిపాడు. సంకేతం గుట్ట దాటి సుమారు 2 కిలోమీటర్లు వెళ్లింది. మరుసటి ఏడాది కొడుకుని వెంటబెట్టుకుని లండన్ వెళ్లిందీ ఆ తల్లే. రేడియోకి ఎర్త్ ఉండాల్సిందే అన్న మాట అలా పాతుకుపోయింది.

కానీ అంతకు కొన్నేళ్ల ముందే జర్మనీలో హెర్ట్జ్ భూమితో పనిలేకుండా తరంగాలు పుట్టించాడు. ఆయన ఏరియల్‌కి రెండు సమానమైన చేతులు. ఒకదానికి ఇంకోటి తోడు. ఇప్పుడు దాన్నే డైపోల్ అంటున్నాం.

మేడమీద ఉండేవాళ్లకి ఇదే మంచి దారి. మూడో అంతస్తు నుంచి కిందికి ఎర్త్ తీగ వేస్తే దాదాపు 10 మీటర్లు. 40 మీటర్ల బ్యాండ్‌లో అది తరంగంలో నాలుగో వంతు. అంత పొడవైతే కింది కొస నేలలో ఉన్నా, పై కొసకి నేల లేనట్టే. ఆ తీగే ఏరియల్ అయిపోతుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది, పక్కింటి టీవీలో గోల. డైపోల్‌కి చోటు లేకపోతే, నాలుగో వంతు పొడవున్న ప్లాస్టిక్ తొడుగు తీగని గోడవారగా పరిచి సెట్టుకి కలుపుతారు. దాని పేరు కౌంటర్‌పాయిస్. మాట్లాడేటప్పుడు దాని చివర వోల్టేజీ ఎక్కువ, పిల్లలకి అందనివ్వకూడదు.

ఇవేవీ ప్లగ్గులోని ఎర్త్‌కి బదులు కావు. ఇది రేడియో కోసం, అది మన ప్రాణాల కోసం. ఆ పిన్ను పీకనివ్వకండి, గ్యాసు పైపుకి తీగ చుట్టనివ్వకండి, మబ్బు పట్టగానే ఏరియల్ ఊడదీయించండి.

ఈ జాగ్రత్తలకి ఒప్పుకుంటే, మీరూ సరేననండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక అండమాన్ నుంచి హామ్ రేడియోలో కబుర్లు అందించింది భారతీ ప్రసాద్ అనే ఒక మహిళే.