బందరు బడిలో మగ్గం, కుంచె

ఒంగోల్లో నేను చదివిన బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు పట్టుకుపోయే పీరియడ్. బీటెక్ అయ్యేదాకా నా చేతికి పెన్ను, మౌస్ తప్ప ఇంకో పనిముట్టు తగల్లేదు.

బందరు అనగానే మనకి లడ్డూయే గుర్తొస్తుంది కదా. అక్కడే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. గుమాస్తాల్ని తయారుచేసే చదువు వద్దనుకున్నారు. పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం, బొమ్మలు వేయడం కూడా చదువే అన్నారు. తర్వాత బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుడే అడివి బాపిరాజు, అదే, 'నారాయణరావు' నవల రాసినాయన. తర్వాత ఆయనా అక్కడే పాఠాలు చెప్పారు.

సర్కారు ఉద్యోగానికి దారి చూపని బడిలో పిల్లాణ్ణి వేయాలంటే ఎంత గుండె కావాలి! మా నాన్నైతే చచ్చినా చేర్చేవారు కాదు. మరి మీ ఇంట్లో?