మానిపోయిన గాయం

1819 ఆగస్టు 28న, కెనడా అడవుల నడుమ, చెట్లు కొట్టి అప్పుడప్పుడే చదును చేసుకుంటున్న ఒక రైతు నేలలో, గడ్డి కొట్టంలో, ఒక మనిషి ప్రాణం విడిచాడు. వయసు యాభై నాలుగు. ఇంగ్లండు ప్రభువుల్లో పెద్ద వంశం ఆయనది. బ్రిటిష్ వారి ఉత్తర అమెరికా సీమలకన్నిటికీ ఆయనే గవర్నరు. కొన్ని మైళ్ళ దూరంలో కొత్తగా వెలిసిన పల్లెకు ఆయన బిరుదు పేరే పెట్టుకున్నారు, రిచ్మండ్ అని. అంతటివాడు చివరి రోజుల్లో గుక్కెడు నీళ్ళు మింగలేకపోయాడు. రెండు నెలల కిందట చేతి మీద ఒక నక్క పన్ను దిగింది. ఆ గాయం ఎప్పుడో మానిపోయింది.

నాలుగో రిచ్మండ్ డ్యూకు చార్లెస్ లెనాక్స్ కథ చదివినప్పుడల్లా నాకు ముందు ఆ చెయ్యే కళ్ళ ముందుకొస్తుంది. అది మామూలు చెయ్యి కాదు. పాతికేళ్ళైనా నిండని వయసులో రాజుగారి కొడుకు, యార్క్ డ్యూకు మీద పిస్తోలు ఎత్తిన చెయ్యి. 1789 నాటి ఆ ద్వంద్వ యుద్ధంలో ఆయన పేల్చిన గుండు యువరాజు జుట్టును రాసుకుంటూ పోయింది. యువరాజు తిరిగి కాల్చనన్నాడు, ఇద్దరూ బతికారు. క్రికెట్ బ్యాటు పట్టిన చెయ్యి కూడా అదే. థామస్ లార్డ్ అనే ఆయన లండన్‌లో మైదానం వేస్తానంటే, నష్టం వస్తే మేం చూసుకుంటామని హామీ పడ్డ ఇద్దరు దొరల్లో ఈయన ఒకడు. ఈ రోజు మనవాళ్ళు లార్డ్స్‌లో సెంచరీ కొడితే మనం పొంగిపోతామే, ఆ పేరు వెనక ఈయన పూచీకత్తు కూడా ఉంది.

పద్నాలుగు మంది బిడ్డల తండ్రి. ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్ళు. ఐర్లండులో రాజప్రతినిధిగా కొన్నేళ్ళు వెలిగి, తర్వాత చేతిలో డబ్బాడక, ఖర్చు తక్కువని బ్రస్సెల్స్‌లో కాపురం పెట్టాడు. 1815 జూన్ 15 రాత్రి ఆయన భార్య ఇచ్చిన నాట్య విందును చరిత్ర ఇప్పటికీ మరచిపోలేదు. దీపాల కింద అమ్మాయిలూ పడుచు అధికారులూ నాట్యమాడుతుండగా నెపోలియన్ సేనలు సరిహద్దు దాటి దూసుకొస్తున్నాయని కబురందింది. విందుకు వచ్చిన బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్, ఇంట్లో మంచి పటం ఏదైనా ఉందా అని అడిగింది ఈయననే. పక్క గదిలో ఆ పటం పరిచి చూసుకున్నారు. నాట్యమాడిన బూట్లతోనే కొందరు యుద్ధానికి పోయారు, వాళ్ళలో తిరిగి రానివాళ్ళూ ఉన్నారు. మూడు రోజులకు వాటర్లూ. ఆ రణరంగాన్ని గుర్రమెక్కి చూసివచ్చి కూడా చెక్కుచెదరకుండా బయటపడ్డాడు డ్యూకు. పిస్తోలు గుండు తీసుకెళ్ళలేదు, ఫిరంగి తీసుకెళ్ళలేదు. మృత్యువు ఆయనను ఎక్కడో సముద్రాల అవతల, ఎవరూ భయపడని రూపంలో కలుసుకోవాలనుకుంది కాబోలు.

1818లో గవర్నరై కెనడాకు వచ్చాడు. మరుసటి వేసవిలో తన ఏలుబడిలోని సీమలన్నీ కళ్ళారా చూడాలని బయల్దేరాడు. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున సొరెల్ అనే ఊళ్ళో మకాం. అక్కడ ఒక నక్క చేతి మీద కరిచింది. అది పెంపుడుదని కొందరంటారు. నక్క కాదు, ఆయన పెంచుకున్న కుక్కే కరిచిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నక్కైనా కుక్కైనా అది వేటలో తిరగబడ్డ క్రూరమృగమని మాత్రం ఎవరూ అనలేదు. కాటు పెద్దది కాదు. కొన్నాళ్ళకు చర్మం కలుసుకుంది, మచ్చ పాలిపోయింది. ఆయన మరిచిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ మరిచిపోయారు.

ప్రయాణం సాగింది. యార్క్ అని అప్పుడు పిలిచిన టొరంటో, నయాగరా, హ్యూరాన్ సరస్సులో డ్రమ్మండ్ దీవి. ఆ దారంతా నీళ్ళే. మహా సరస్సులు, నదులు, జలపాతాలు. ఆ వేసవి ఆయన ఎన్ని నీళ్ళ మీద తేలాడో, ఎన్నిసార్లు దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడో! ఆ తేలికపాటి రోజుల గురించి చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఎందుకంటే ఆయన సంతోషంగా పడవలెక్కి దిగుతున్న ఆ రోజుల్లోనే, మానిన గాయం అడుగున, దూలంలో చెద నడిచినట్టు, రేబిస్ వైరస్ చేతి నరం వెంట వెన్నెముక వైపు నడుస్తోంది. అది రక్తంలో పడి పరుగెత్తే రోగం కాదు. నరాన్ని పట్టుకుని మెల్లగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు తీసుకుంటుంది, ఒక్కోసారి వారమే, ఒక్కోసారి ఏడాది. ఆ నడక సాగినంత కాలం జ్వరం లేదు, నొప్పి లేదు, మనిషి మామూలుగా తింటాడు, నవ్వుతాడు, పడుకుంటాడు. ఆ మౌనమే ఈ జబ్బు చేసే మోసం. వైద్యానికి దొరికే గడువు కూడా ఆ మౌనమే.

ఆయనకు ఆ గడువు దొరికినా ఏం లాభం? చేతిలో మందు లేదు. ఈ రోగానికి టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ అప్పటికి పుట్టనే లేదు. సబ్బు ఉంది, సొరెల్ పక్కనే సెయింట్ లారెన్స్ అంత నది పారుతోంది. కాటు పడ్డ క్షణాన ఆ చేతిని ధార కింద పెట్టి, సబ్బు రుద్ది, పావుగంట సేపు కడిగి ఉంటే వైరస్‌లో చాలా భాగం అక్కడే కొట్టుకుపోయేదని ఇప్పుడు మనకు తెలుసు. అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. కడిగినా గట్టెక్కేవాడని హామీ లేదు. అయినా ఆ నది పక్కన ఆ చేతిని తలుచుకుంటే మనసు ఊరుకోదు.

ఆగస్టు చివర్లో కింగ్‌స్టన్ నుంచి రీడో నది వైపు కొత్త పల్లెలు చూడబోయాడు. పెర్త్ దాటాక రిచ్మండ్ దాకా అడవి దారి. చాలా దూరం నడకే. ఆ దారిలోనే ఒంట్లో ఏదో తేడా పడింది. పానీయం పెదాల దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయింది. దారిలో తగిలిన చిత్తడి నేలలు, వాగులు చూస్తేనే ఒళ్ళు జలదరించింది. తనకు పట్టిందేమిటో అందరికంటే ముందు ఆయనకే అర్థమైందని చెబుతారు. ఈ రోగంలోని అన్ని క్రూరత్వాల్లోకీ అదే పెద్ద క్రూరత్వం. మతి పూర్తిగా పోదు. వణుకూ కలవరమూ తెరలు తెరలుగా వచ్చి పోతుంటాయి, నడుమ మనిషి మనిషిలాగే ఉంటాడు. పేర్లు గుర్తుంటాయి, బిడ్డలు గుర్తుంటారు. దాహం వేస్తుంది. తాగబోతే గొంతు కండరాలు ముడిపడతాయి. తర్వాత గ్లాసు కనబడితే చాలు, నీళ్ళ చప్పుడు వినబడితే చాలు, గాలి ముఖానికి తగిలితే చాలు.

రిచ్మండ్ పల్లె నుంచి ఆయనను పడవలో తీసుకుపోవాలని చూశారు. పడవలో నిలవలేక, ఒడ్డుకు చేరగానే నీటికి దూరంగా చెట్లలోకి పరుగు తీశాడట. వాటర్లూ ఫిరంగులకు బెదరని మనిషి ఒక చిన్న ఏటిని చూసి పరుగెత్తాడు. వెంట ఉన్నవాళ్ళు పట్టుకుని దగ్గర్లోని కొట్టానికి చేర్చారు. నీళ్ళు కనబడని, వినబడని చోటు అదొక్కటే దొరికింది. అక్కడే ముగిసింది. దేహాన్ని క్యుబెక్ చేర్చి సెప్టెంబరు 4న అక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో పూడ్చారు.

అరవై ఆరేళ్ళు గడిచాయి. 1885 జులై 6న పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు తొలి టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు, లోకం పండగ చేసుకుంది. అదే ఏడాది నవంబరులో లూయీజ్ పెల్తియే అనే పదేళ్ళ పాపను తీసుకొచ్చారు. తల మీద కుక్క కాటు. కరిచి అప్పటికే 37 రోజులు. మించిపోయిందని పాశ్చర్‌కు తెలుసు. తెలిసి కూడా తల్లిదండ్రులను వెనక్కి పంపలేక టీకాలు వేయించాడు. డిసెంబరు 3న పాప చనిపోయింది. మంచం పక్కనే ఉన్న ఆ పెద్దాయన కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడంటారు. డ్యూకుకు మందు లేదు, పాపకు సమయం లేదు. ఈ రెండు చావులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు మూడో రకం చావు మీద ఎక్కువ దుఃఖం కలుగుతుంది. మందు ఉండి, సమయం ఉండి, పోయే చావు. మన కాలపు చావు.

అది ఎక్కువగా కుక్క వల్లే వస్తుంది. నూటికి తొంభై తొమ్మిది దాకా కుక్క కాట్లే. కుక్కంటే భయం ఉంది కాబట్టి కరిస్తే కనీసం నలుగురు హడావిడి పడతారు. పిల్లి సంగతి వేరు. పిల్లికి ఎవరు భయపడతారు? వంటింటి గట్టెక్కి పాలగిన్నె తడుముతుంది, పిల్లల దుప్పట్లో దూరుతుంది. తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ ఏడిళ్ళలో, ఆ గోడల మీద, ఆ రాత్రుల్లో అది దేనితో పోట్లాడిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు ఆడుకుంటున్న పాప ముంజేతి మీద రక్కుతుంది. సన్నటి ఎర్రటి గీత, దాని చివర సూదిమొనంత నెత్తుటి చుక్క. అమ్మ కొంగుతో తుడిచి, కాస్త పసుపు అద్ది, ‘పిల్లే కదా’ అంటుంది.

నిజానికి గోటి గీత వల్ల రేబిస్ రావడం అరుదే. వైరస్ ఉండేది గోట్లో కాదు, చొంగలో. కానీ పిల్లి రోజంతా పంజాలు నాకుతూనే ఉంటుంది. ఆ తడి ఆరకముందే గోరు చర్మం చీలిస్తే దారి తెరుచుకున్నట్టే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలను వదిలిపెట్టలేదు. నెత్తురు రాని గీరుకైనా కడగడమూ టీకా మొదలుపెట్టడమూ తప్పవంది. చర్మం తెగి నెత్తురు వస్తే, పచ్చి పుండు మీద నాకితే, చొంగ కంట్లోనో నోట్లోనో పడితే, టీకాతో పాటు వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా కావాలంది. తెగని చర్మాన్ని నాకితే భయం లేదు. పిల్లి కాటును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2018లో మొరాకోలో పిల్లి కరిచిన ఒక బ్రిటన్ వాసి రేబిస్‌తో చనిపోయాడు. సూది మందుకు కొరత లేని దేశం వాడు.

ఆ ముంజేతి గీత దగ్గరికే మళ్ళీ వస్తాను, మలుపు తిరగాల్సింది అక్కడే కాబట్టి. పసుపు డబ్బా బదులు ఆ చెయ్యి కొళాయి కిందికి వెళ్ళాలి. సబ్బు నురగతో పదిహేను నిమిషాలు. చెప్పుకోవడానికి తేలికే గానీ ఏడుస్తున్న పిల్లను పట్టుకుని పావుగంట నిలబెట్టడం ఎంత కష్టమో కన్నవాళ్ళకు తెలుసు, అయినా నిలబెట్టాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు ఏదీ వద్దు. కట్టు బిగించొద్దు. అదే రోజు ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇంకా ఇళ్ళలో తిరుగుతూనే ఉంది. గొర్రె మెదడుతో తయారైన ఆ మందు మన దేశంలో ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు వేసేది ఎక్కువగా భుజానికి. చర్మంలోకి అయితే తొలి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండకు అయితే పద్నాలుగో రోజున ఇంకొకటి. గర్భిణికీ పసికందుకూ కూడా వేస్తారు. టీకా వల్ల ఒంట్లో రక్షణ పుట్టడానికి వారం పైనే పడుతుంది, ఆ లోటు పూడ్చడానికే ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయంలోనూ చుట్టూరా ఎక్కిస్తారు. పిల్లి కనబడుతూ ఉంటే పది రోజులు గమనించాలి. పదో రోజుకు అది హాయిగా పాలు తాగుతుంటే మిగిలిన డోసుల సంగతి డాక్టరు చూసుకుంటాడు. గమనిస్తూ సూది వాయిదా వేయడమే కూడదు. పిల్లి మాయమైతే ఇక చూసేదేం లేదు, పూర్తి కోర్సు.

హైదరాబాద్‌లో రేబిస్ ముదిరినవాళ్ళను నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తెస్తారు. ఆ దశలో ఎక్కడి ఏ డాక్టరైనా ముందు అడిగేది ఒక్కటే, ఎప్పుడు కరిచింది, ఏది కరిచింది అని. వెంట వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గాయం ఉన్న చోట ఏ గుర్తూ మిగిలి ఉండదు. అప్పటికి మనిషిని తిప్పగల మందు ఈ భూమి మీద దాదాపు లేనట్టే. బాధ తగ్గించే మందులే మిగులుతాయి. సంవత్సరానికి 59,000 మంది ఇలా పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పదికి నలుగురు పదిహేనేళ్ళ లోపు పిల్లలు.

మొదటి సూదికి తల్లీ తండ్రీ ఇద్దరూ పరుగెత్తుకొస్తారు. మూడో రోజుకు ఒకరు వస్తారు. ఏడో రోజు వరకే చాలామందికి ఓపిక. ఇరవై ఎనిమిదో రోజుకు పాప చేతి మీద గీత కనబడదు, పిల్లి మళ్ళీ గట్టెక్కి కూర్చుని ఉంటుంది, బడికి సెలవు పెట్టించడం దండగనిపిస్తుంది. చీటీ మీద నాలుగో తేదీ రాసే ఉంటుంది. ఆ తేదీన కూడా పాపను తీసుకెళ్ళండి.