కాన్పు తేదీకి తొలి లెక్కే కీలకం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తొలిసారి వచ్చిన గర్భిణిని ఏఎన్‌ఎం ముందుగా అడిగేది చివరిసారి బహిష్టు ఎప్పుడయిందనే. మాతా శిశు సంరక్షణ కార్డుపై రాసే కాన్పు తేదీకి ఆ సమాధానమే ఆధారం. పరీక్షలు, టీకాలు, ఆసుపత్రిలో చేరవలసిన సమయం అన్నీ ఆ తేదీని బట్టే నిర్ణయమవుతాయి.

లెక్క సులువైనదే. చివరి బహిష్టు మొదలైన రోజుకు 7 రోజులు, 9 నెలలు కలపాలి. జనవరి 14 అయితే అక్టోబరు 21 వస్తుంది. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. జర్మనీ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె (1778-1851) పేరిట ఈ సూత్రం ప్రసిద్ధి పొందింది. అయితే 28 రోజులకు క్రమం తప్పకుండా బహిష్టు అయ్యేవారికే ఇది సరిపోతుంది. 35 రోజులకు అయ్యేవారికి మరో వారం కలపవలసి ఉంటుంది.

పల్లెల్లో పలువురు తేదీకి బదులు పండుగ ఆనవాలు చెబుతారు. సంక్రాంతి అంటే చిక్కులేదు, జనవరి 14 లేదా 15న వస్తుంది. ఉగాది అంటే మాత్రం ఏ ఏడాదో చూడాలి. అది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. తేడా 11 రోజులు. తెలుగు నెలల పేర్లతో లెక్కించే పెద్దలు అధిక మాసాన్ని విడిచిపెడితే ఏకంగా నెల రోజుల పొరపాటు జరుగుతుంది.

అనుమానాలకు తావిచ్చే రెండు వారాలు

అండం విడుదలయ్యేది తదుపరి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు. గర్భం నిలిచేది అప్పుడే. వైద్యులు వారాలు లెక్కించేది మాత్రం బహిష్టు రోజు నుంచి. కాబట్టి చీటీలో ‘ఆరు వారాలు’ అని ఉంటే గర్భం నిలిచి దాదాపు నాలుగు వారాలే అయిందని అర్థం. ఈ సంగతి తెలియక పెళ్లయి నెల రోజులైన కోడలినో, గల్ఫ్ నుంచి భర్త సెలవుపై వచ్చి నెలే అయిన ఇల్లాలినో శంకించడం అన్యాయం. పైగా వీర్యకణాలు శరీరంలో ఐదు రోజుల వరకు జీవించగలవు. ఫలానా రోజే గర్భం నిలిచిందని ఏ స్కానింగూ తేల్చలేదు. కృత్రిమ గర్భధారణలో మాత్రమే ఆ స్పష్టత ఉంటుంది. ఐదు రోజుల పిండాన్ని ప్రవేశపెడితే ఆ రోజుకు 261 రోజులు కలుపుతారు.

తొలి మూడు నెలల్లో చేసే స్కానింగులో శిశువు పొడవును తల నుంచి పిరుదుల వరకు కొలుస్తారు. వయసు 5 నుంచి 7 రోజుల తేడాతో తెలుస్తుంది. ఏడు నెలలు దాటాక చేస్తే తేడా మూడు వారాల వరకు ఉండవచ్చు. ప్రతి స్కానింగు చీటీలో కొత్త తేదీ కనిపించినంత మాత్రాన కాన్పు తేదీ మారదు. తొలి స్కానింగుతో స్థిరపడినదే ప్రమాణం. లింగ నిర్ధారణ మాత్రం 1994 చట్టం ప్రకారం నేరం.

ముహూర్తపు కోతలతో ముప్పు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం చూసి ఆపరేషన్ కోరే కుటుంబాలూ ఉన్నాయి. వైద్యపరమైన అవసరం లేనిదే 39 వారాలు నిండకుండా కోయరాదు. లెక్క రెండు వారాలు తప్పితే 39 అనుకున్నది నిజానికి 37 వారాలే అవుతుంది, బిడ్డకు ఊపిరి సమస్యలు రావచ్చు. మరోవైపు తేదీ తెలియక 42 వారాలు దాటనిస్తే కడుపులోనే బిడ్డకు ప్రమాదం.

సరిగ్గా చెప్పిన రోజునే ప్రసవించేవారు నూటికి ఐదుగురికి మించరు. తేదీకి ఒక వారం అటూ ఇటూ అయితే కంగారు అక్కర్లేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేవారు సంరక్షణ కార్డుతోపాటు మొదటి స్కానింగు చీటీని వెంట తీసుకువెళ్లాలి. అక్కడి వైద్యులకు ముందుగా కావలసింది అదే.