జేబులోంచి వచ్చిన సైన్

మొన్న మా గల్లీలో షాదీ. రెండు మేడల మధ్య సీరియల్ లైట్ల దండ కట్టాలి. ఎడం 10 మీటర్లు. తీగ ఎంత కావాలని లైట్ల అబ్బాయి అడిగితే మా బేటీ ఎక్సెల్ తెరిచింది. "అబ్బా, దీనికి కాష్ అనే ఫార్ములా ఉంది" అంది.

తెలుగు డిగ్రీ చదివినవాణ్ణి, నాకేం తెలుసు! ఆ లఫ్జ్ తారీఖ్ వెతుకుతూ కూర్చున్నాను.

రెండు కొసలా కట్టి వదిలిన గొలుసు ఏ వంపు తిరుగుతుంది? పరాబోలాకు దగ్గరగా ఉంటుందని 1638లో గెలీలియో రాశాడు. 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నౌలీ అసలు వంపేమిటో తేల్చారు. దాన్ని సులువుగా చెప్పే కాష్, దాని జోడీ సిన్ష్ మాత్రం 1757లో ఇటలీ పాదరీ విన్సెంజో రికాటి చేతిలో రూపుకట్టాయి. తర్వాత వాటికి పేరు తెచ్చినవాడు లాంబర్ట్. పన్నెండేళ్లకే బడి మానేసిన ఒక దర్జీ కొడుకు!

బేటీ ఒక గడిలో 10 వేసింది. అది తీగ బిగువు చెప్పే అంకె. ఇంకో గడిలో ఎడంలో సగం, 5. ఐదును పదితో భాగించి, కాష్ తీసి, అందులోంచి 1 తీసేసి, పదితో గుణిస్తే 1.28. అంటే దండ మధ్యలో 1.28 మీటర్లు వేలాడుతుంది. సిన్ష్‌తో తీగ పొడవు 10.42 మీటర్లని తేలింది. పరాబోలా లెక్కయితే వేలాడేది 1.25. గెలీలియో తేడా మా గల్లీలో మూడు సెంటీమీటర్లే.

"ఇదీ మనవాళ్లే కనిపెట్టారా అబ్బా? వాట్సాప్‌లో అన్నీ మనవే అంటారుగా!" అంది బేటీ.

లేదు బేటీ. ఒమర్ ఖయ్యాం హైపర్బోలా లాంటి వంపులతో ఘన సమీకరణాలు సాధించాడు, అది సచ్. కాష్ ఆయనది కాదు. కాదన్నదాన్ని మనదనడం ఝూట్, ఇల్మ్‌కు బేఇన్సాఫీ.

కానీ సైన్ అనే పేరు కథ విను. ఆర్యభటుడు 499లో వింటినారి పేరుతో 'జ్యా' అన్నాడు. తెలుగు మీడియం పిల్లలు వృత్తంలో గీసే జ్యా ఆ మాటే. అరబ్బీలో అది 'జీబా' అయింది. అచ్చులు రాయని లిపి కదా, తర్వాతివాళ్లు 'జైబ్' అని చదివారు. జైబ్ అంటే బట్టల మడత, మన జేబు. 12వ శతాబ్దంలో లాటిన్‌వాళ్లు మడత అనే అర్థంతోనే 'సైనస్' అన్నారు. అదే సైన్. మా ఉర్దూ బడిలో ఉస్తాద్ 'జైబ్' అనగానే మేం జేబుల్లో చేతులు పెట్టుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వులో ఇంత సఫర్ ఉందని అప్పుడు తెలీదు.

సంస్కృతం, అరబ్బీ, లాటిన్, ఇప్పుడు ఎక్సెల్ గడి. ఇల్మ్ ఒక ఖాందాన్ జాగీరు కాదు, చేతులు మారే అమానత్. అందుకున్నవాడు ఇంకొంచెం కలిపి అందించాలి, ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పాలి.

సాయంత్రం దండ వెలిగింది. తీగ సరిగ్గా సరిపోయింది.