మూసీకి తోకా లేదు, నోరూ లేదు

2006లో వచ్చిన కొరియన్ సినిమా 'ద హోస్ట్'లో రాక్షస జంతువు శాపం వల్ల పుట్టదు, ఒక ఆజ్ఞ వల్ల పుడుతుంది. సియోల్‌లోని అమెరికన్ సైనిక స్థావరంలో ఫార్మాల్డిహైడ్‌ని సింకులో పోసెయ్యమంటాడు అధికారి. కింది ఉద్యోగి పోస్తాడు. 2000లో అలాంటిది నిజంగానే జరిగింది. దర్శకుడు బాంగ్ జూన్-హో దానికి తోకా, నోరూ పెట్టాడు.

హాన్ నదిలోంచి వచ్చిన ఆ జంతువు ఒక పిల్లని ఎత్తుకుపోతుంది. సంతాప సభలో తాత, తండ్రి, చిన్నాయన, మేనత్త నేలమీద దొర్లుతూ ఏడుస్తుంటే నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. తల్లి లేని ఇల్లది. మురుగ్గోతిలో చిక్కిన ఆ పిల్లే ఇంకో పసివాడికి తల్లవుతుంది. ప్రభుత్వమేమో లేని వైరస్ కోసం బాధితుల ఒళ్లు గాలిస్తుంది.

మన మూసీ కథ ఇంకా పాతది. 1908 వరద తర్వాత హైదరాబాద్‌ని కాపాడటానికి గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. మంచినీళ్లు పైనే ఆగాయి. నగరం పెరిగినకొద్దీ మురుగూ, ఫ్యాక్టరీల వ్యర్థాలూ కిందికి దిగాయి. ఆ నీళ్లు సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో నిలిచి పొలాలకి పారతాయి. మిగిలినవి మిర్యాలగూడ వైపు వాడపల్లిలో కృష్ణలో కలుస్తాయి. మిర్యాలగూడ, కోదాడ పొలాలకైతే సాగర్ ఎడమ కాలువ ఉంది.

సియోల్‌లో ఆజ్ఞ ఇచ్చిన మనిషిని వేలెత్తి చూపించగలిగారు. ఇక్కడ ఎవర్ని చూపిస్తాం? వరద చరిత్రలో విశ్వేశ్వరయ్య పేరుంది, నిజాం పేరుంది. మూసీ మడుల్లో వంగి నాట్లేసే ఆడవాళ్ల కాళ్ల దురదలు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కకుండా ఇంట్లో కొబ్బరినూనెతోనే సర్దుకుంటాయి.