రంగుల పొరలు, ఇంజిను అంకెలు: హైదరాబాదు పాత కార్ల పుట్టుపూర్వోత్తరాలు

ఖైరతాబాదు దాటి పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డల మీదుగా పడమటికి సాగే పాత బొంబాయి రోడ్డు, హైదరాబాదు మోటారు చరిత్రకు చెందిన మూడు లోకాలను కొద్ది మైళ్ల దూరంలోనే కలుపుతుంది. ఒక కొసన 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ప్యాలెస్ జాగీర్ల కాలాన్ని తలపిస్తుంటే, మరో కొసన సనత్‌నగర్ వైపు, 1942లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో మొదలై బస్సుల బాడీలు కట్టిన హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం యంత్రయుగానికి ప్రతినిధిగా నిలిచింది; పంజాగుట్టకు కూతవేటు దూరంలో, బండి రంగునూ ఇంజిను నంబరునూ కాగితం మీదికి ఎక్కించే ఖైరతాబాదు రవాణా శాఖ కార్యాలయం ఉంది. పాత కారు అసలు రూపాన్ని నిర్ధారించబూనినవారు కొన్నవారి అవసరాన్నీ, కట్టినవారి పనితనాన్నీ, నమోదు చేసినవారి రాతనూ కలిపి చదవవలసి ఉంటుంది.

ఈ నిర్ధారణ ఒకప్పుడు అభిరుచి గలవారి ముచ్చట మాత్రమే కాగా, 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు వచ్చిన సవరణతో దానికి చట్టపరమైన ప్రాముఖ్యం ఏర్పడింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజిన్‌లో గాని పెద్ద మార్పు లేకుండా తొలి రూపంలోనే ఉన్న వాహనాలను ఆ నిబంధనలు ‘వింటేజ్’గా గుర్తించి, వాటి నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత ‘వీఏ’ అనే గుర్తును, 20,000 రూపాయల రుసుమును, పదేళ్ల గడువును నిర్ణయించాయి. నిబంధనలో అస్పష్టత పెద్దగా లేదు. అయితే దానిని ఈ నగర చరిత్రకు అన్వయించినప్పుడు ఒక చిక్కు బయటపడుతుంది: ఇక్కడ ఎక్కువగా తిరిగిన బండే ఎక్కువగా మారింది, షెడ్డులో పడి ఉన్నదే మారకుండా మిగిలింది.

చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దీనికి ఆర్డరు ఇచ్చి, అది చేరకముందే 1911 ఆగస్టులో మరణించగా, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అది ఊరేగింపులకే పరిమితమై, మొత్తం మీద నాలుగు వందల మైళ్లయినా తిరగలేదన్న పేరు తెచ్చుకుంది. వెనుక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చినందున దీనిని ‘థ్రోన్ కార్’ అంటారు. ఆ కాలపు పద్ధతి ప్రకారం కంపెనీ ఛాసిస్‌ను, అంటే చక్రాలూ ఇంజినూ బిగించిన ఉక్కు చట్రాన్ని మాత్రమే తయారుచేసి ఇచ్చేది. దాని మీద బాడీని కట్టి రంగు వేసే పని వేరే సంస్థది, ఈ కారు విషయంలో అది లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ. కాబట్టి 2117 అనే ఛాసిస్ నంబరును పట్టుకుని రోల్స్‌రాయిస్ కంపెనీ రాసి ఉంచిన కార్డులను వెదికితే ఇంజిను నంబరు తెలియవచ్చును గాని, పసుపు ఏ ఛాయలో ఉండేదన్నది ప్రధానంగా బాడీ కట్టినవారి చిట్టాల్లో వెదకవలసిన సంగతి. ఇంజిను విషయంలో మరొక పరీక్ష కూడా ఉంది: ఈ నమూనా ఇంజిను ఘనపరిమాణం 1910 ప్రాంతంలో 7,036 నుంచి 7,428 ఘన సెంటీమీటర్లకు పెరిగింది గనుక, ఆ తరువాత తయారైన ఛాసిస్‌లో చిన్న ఇంజిను కనిపిస్తే అది తరువాత తెచ్చి పెట్టినదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

బస్సుల చరిత్రలో ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది అనే ఈ విభజన మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా విభాగం స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ వాహనాలను నడిపింది. వాటి నంబర్లలో ‘హెచ్‌వై’ తరువాత వచ్చే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థం పెట్టినదని చెబుతారు, ఆ అక్షరం ఆర్టీసీ బస్సుల నంబర్లలో తరువాత కూడా కొనసాగింది. ఆల్విన్ వంటి స్థానిక కర్మాగారాలు బాడీలు కట్టడం మొదలైన తరువాత, ఒక బస్సు అసలు రంగు ఏదని గ్లాస్గోను అడగడంలో అర్థం లేకపోయింది. ఆ రంగు పుట్టినది ఎర్రగడ్డ పరిసరాల్లోనే.

ఇంజిను గుర్తింపులో మొదటి ఆధారం నంబరే అయినా, ఆ నంబరుకు అన్ని కంపెనీలూ ఒకే విలువ ఇవ్వలేదు. ఫోర్డ్ మోడల్ టీ కారుకు ఇంజిను బ్లాకు ఎడమ పక్కన పోటు వేసిన సంఖ్యే బండి సంఖ్య కావడం వల్ల, ఇంజిను మారిస్తే కాగితాల ప్రకారం కారే మారిపోయినట్టు లెక్క. 1928 నుంచి వచ్చిన మోడల్ ఏలో అదే సంఖ్యను ఛాసిస్ ఎడమ కమ్మీ మీద కూడా పోటు వేశారు గాని, అది బాడీ కింద దాగి ఉండటంతో బాడీని లేపితే తప్ప రెంటినీ సరిపోల్చడం సాధ్యం కాదు. పోటు అంకెలు చేతి సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టినవి గనుక కాస్త ఎగుడుదిగుడుగా ఉండటం అనుమానించదగిన విషయం కాదు; వాటి చుట్టూ ఉన్న లోహపు తలం మీద కర్మాగారపు కోత గీతలు పోయి గ్రైండరు రాసిన నునుపు కనిపించడమే అసలు అనుమానాస్పదం.

అంబాసిడర్ విషయంలో పొరపాటుకు మరింత అవకాశం ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి బాడీతో రూపొందిన ఈ కారు మొదట్లో 1,476 ఘన సెంటీమీటర్ల సైడ్‌వాల్వ్ ఇంజినుతో వచ్చి, 1959లో 1,489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజినుకు మారింది. సైడ్‌వాల్వ్ అంటే కవాటాలు సిలిండరు పక్కన, బ్లాకులోనే ఉండేవి. అందువల్ల హెడ్డు చదునుగా ఉండి, పైన రాకర్ కవరు అనే రేకు పెట్టె ఉండదు. బోనెట్ తెరచినప్పుడు కనబడే ఈ ఒక్క తేడా చాలా సంగతులు తేల్చేస్తుంది. తొలి అంబాసిడర్‌లో సుపరిచితమైన రాకర్ కవరు ఇంజినును చూసి అంతా సవ్యంగా ఉందనుకోవడం సహజం గాని, ఆ కారుకు అది పుట్టుకతో వచ్చినది కాదు. ఇంజిను సొంతదే అయినా రీబోరు జరిగి ఉండవచ్చు, అంటే అరిగిన సిలిండరును లేత్ షాపులో మళ్లీ తొలిచి పెద్ద పిస్టన్ వేసి ఉండవచ్చు. 1,489 ఇంజినులో తొలి వ్యాసం సుమారు 73.03 మిల్లీమీటర్లు కాగా, పిస్టన్ తల మీద 20, 40, 60 వంటి అంకెలు కనిపిస్తే అవి అంగుళంలో అన్ని వేయో వంతుల పెంపును సూచిస్తాయి. 60 సైజు వేసేసరికి ఇంజిను ఘనపరిమాణమే 1,550 దాటుతుంది. ఇటువంటి మరమ్మతును ‘మార్పు’గా లెక్కించడం న్యాయం కాదు. అది బండి చేసిన చాకిరీకి గుర్తు.

నిజమైన మార్పులకు కారణం అభిరుచి కాదు, కరువు. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్స్ 1954లో దేశం విడిచి వెళ్లడం, దిగుమతుల మీద ఆంక్షలు బిగుసుకోవడంతో, అమెరికన్ కార్ల యజమానులు దొరికిన విడిభాగాలతోనే సర్దుకోవలసి వచ్చింది. 1973 చమురు సంక్షోభం తరువాత ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజినును పోషించలేక డీజిల్ ఇంజిన్లు ఎక్కించడం దేశమంతటా సాధారణమైంది. తీసేసిన ఇంజిను పాత ఇనుముకు పోయింది. రాజవంశపు బండ్లకు కూడా ఈ కరువు తప్పలేదు: 1967లో ఏడో నిజాం మనవడు ముకర్రమ్ జా వారసత్వం పొందేనాటికి గ్యారేజీల్లోని 60 కార్లలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే.

రంగు పరిశీలనకు ముందు రంగుల కాలక్రమం తెలిసి ఉండాలి. 1920ల తొలినాళ్ల వరకు కార్లకు గుర్రపు బగ్గీల పద్ధతిలోనే నూనె రంగులూ వార్నిషులూ కుంచెతో పొరలు పొరలుగా పూసి వారాల తరబడి ఆరబెట్టేవారు. డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లాకరును 1924 నమూనా ఓక్‌ల్యాండ్ కార్లపై నీలి రంగులో వాడినప్పటి నుంచి స్ప్రే గన్నుతో కొట్టి త్వరగా ఆరబెట్టే పద్ధతి వ్యాపించింది; మన పెయింటింగ్ షెడ్లలో ఏ కంపెనీ రంగుకైనా డ్యూకో అనే పేరే నిలిచిపోయింది. తరువాత సింథటిక్ ఎనామెల్, ఇంకా తరువాత గట్టిపరిచే ద్రావణాన్ని కలిపి కొట్టే పాలీయురథేన్ రంగులు వచ్చాయి. దూదికి థిన్నర్ అద్ది చాటు ప్రదేశంలో రుద్దితే లాకరు కరిగి దూదికి అంటుతుంది, పాత ఎనామెల్ ముడతలు పడుతుంది, పాలీయురథేన్ చలించదు. కనుక 1950ల నాటిదని చెప్పే కారు పైపొర థిన్నరుకు లొంగకపోతే, ఆ పొర ఎంత అందంగా ఉన్నా దాని వయసు తక్కువ.

అసలు రంగు సాధారణంగా ఎవరూ స్ప్రే గన్ను పెట్టనిచోట మిగులుతుంది: డాష్‌బోర్డు కింద, డోరు లోపలి అట్ట వెనుక, డిక్కీ కీలు సందుల్లో, ఛాసిస్ నంబరు పలక అడుగున. బయటి రేకు మీద అయితే సన్నని వాటర్ పేపరుతో తడిపి ఏటవాలుగా అరగదీసినప్పుడు, ప్రైమరు నుంచి పైపొర దాకా రంగులు వలయాలుగా బయటపడతాయి. మధ్యలో మందపాటి లప్పం కనిపిస్తే అక్కడ సొట్ట తీసినట్టు, దాని పైనున్న పొరలన్నీ ఆ ప్రమాదం తరువాతివైనట్టు. అయితే కనిపించిన రంగును ఉన్నదున్నట్టు నమ్మడం తగదు: ఎండ తగిలిన ఎరుపు వెలిసిపోతుంది, లాకరు తెలుపు పసుపుబారుతుంది, నూనె రంగు చీకట్లో ఉండి నల్లబడుతుంది. అందుకే ఒకే ఛాయను కనీసం రెండు చోట్ల, ఒకటి వెలుతురు తగిలిన చోట, మరొకటి చాటున, మెరుగుపెట్టి పోల్చడం అవసరం.

రిజిస్ట్రేషన్ పత్రంలో రంగు పేరు ఉంటుంది గాని ‘నీలం’ అని రాసిన చోట ఏ నీలమో ఉండదు. వేలంలో కొన్న ప్రభుత్వ తెల్ల అంబాసిడర్ వంటి బండ్లలో కాగితానికీ రేకుకూ పొంతన కుదరకపోవడమూ ఉంది. అటువంటప్పుడు బోనెట్, నాలుగు డోర్లు, డిక్కీ రేకుల అడుగు పొరలను విడివిడిగా తీసి చూడాలి. ఐదు రేకుల మీద ఒకే అడుగు రంగు ఉండి ఆరో దాని మీద వేరొకటి ఉంటే, ఆ ఆరోది మరో కారు నుంచి వచ్చినదే.